దొంగనొప్పులు, నిజం నొప్పులు, నడుమ ఒక టెలిఫోను

తెలుగులో నొప్పి అంటే తలనొప్పి కావచ్చు, పంటినొప్పి కావచ్చు. ఆ మాటనే బహువచనం చేసి, ముందు ఏ విశేషణమూ తగిలించకుండా "అమ్మాయికి నొప్పులొస్తున్నాయి" అంటే మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే అర్థం. ఆ నొప్పుల్లో మళ్ళీ రెండు జాతులున్నాయని మన పెద్దవాళ్ళు గుర్తించి, ఒక జాతికి దొంగనొప్పులని పేరు పెట్టారు. వచ్చినట్టే వచ్చి, ఇల్లంతా హడావిడి పెట్టి, తెల్లవారేసరికి మాయమయ్యేవి దొంగనొప్పులు. వాటికీ అసలైన పురిటినొప్పులకూ తేడా చెప్పగలగడం ఒక విద్య. ఆ విద్య మంత్రసానిది, లేదా నలుగురు బిడ్డల్ని కని పెంచిన అమ్మమ్మది. ఆమె పక్కన కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసి, కాసేపు గమనించి "ఇంకా బోలెడు పొద్దుంది, ఇంత అన్నం తిని పడుకో తల్లీ" అనేది. లేకపోతే "నీళ్ళు కాయండి" అనేది.

ఈ తీర్పునే ఇవాళ అనేక దేశాల్లో టెలిఫోనులో చెబుతున్నారు. అటు ఆసుపత్రిలో ఒక నర్సు, ఇటు ఇంట్లో నొప్పులు పడుతున్న స్త్రీ. చెయ్యి వేసి చూడడానికి లేదు, ముఖం చూడడానికి లేదు. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు, ఆపైన "ఇంకాసేపు ఇంట్లోనే ఉండండి" అనో, "బయలుదేరి రండి" అనో ఒక మాట. ఈ చిన్న సంభాషణకు పెద్ద చరిత్రే ఉంది. దాన్ని చెప్పడానికి బ్రిటన్‌ను, అందులోనూ వేల్సును ఎంచుకున్నాను. ఈ సంభాషణను ఒక జాతీయ పద్ధతిగా కాగితం మీద పెట్టిన దేశం అది, ఆ ఫోను చేసిన స్త్రీలను "మీకెలా అనిపించింది?" అని తరవాత అడిగిన చోటు కూడా అదే. మన మంత్రసాని అన్న మాటకు కాలక్రమంలో అన్యాయంగా కొంత చులకన అంటుకుంది కనుక, అక్కడి శిక్షణ పొందిన వారిని ఇకపై మిడ్‌వైఫ్ అనే పిలుస్తాను.

1902లో ఇంగ్లండు, వేల్సులకు కలిపి మిడ్‌వైఫుల చట్టం వచ్చింది. శిక్షణ పొంది, పేరు నమోదు చేయించుకున్నవారే ఆ బిరుదు పెట్టుకోవాలని అది నిర్దేశించింది. 1936లో వచ్చిన మరో చట్టం, స్థానిక సంస్థలు జీతమిచ్చి మిడ్‌వైఫులను నియమించే ఏర్పాటు చేసింది. పేటకొక మిడ్‌వైఫ్, ఆమెకొక సైకిలు. ఇంట్లో నొప్పులు మొదలైతే భర్తో, పొరుగింటి పిల్లవాడో వెళ్ళి ఆమె తలుపు తట్టేవాడు. ఆమె వచ్చి చూసేది. నిజం నొప్పులైతే ఉండేది, దొంగనొప్పులైతే ధైర్యం చెప్పి వెళ్ళి మళ్ళీ వచ్చేది. తొందరపడి పిలిస్తే కలిగే నష్టమల్లా ఆమె కాళ్ళ నొప్పులే. "ఎప్పుడు బయలుదేరాలి" అన్న ప్రశ్న గర్భిణిది కాదు. బయలుదేరవలసింది మిడ్‌వైఫ్.

ఈ ఏర్పాటు ఒక్క తరంలో తలకిందులయింది. కాన్పుల్లో నూటికి 70 ఆసుపత్రుల్లో జరగాలని 1959లో క్రాన్‌బ్రూక్ కమిటీ సిఫారసు చేసింది. 1970లో పీల్ కమిటీ నూటికి నూరూ అక్కడే జరగాలంది. 1960 నాటికి ఇంగ్లండు, వేల్సుల్లో దాదాపు మూడోవంతు కాన్పులు ఇళ్ళలో జరుగుతుండగా, 1980ల చివరికి నూటికి ఒక్కటి మిగిలింది. మంచికా చెడుకా అన్నది వేరే చర్చ. రక్తం ఎక్కించే సదుపాయం, శస్త్రచికిత్స గది అందుబాటులో ఉండడం వల్ల నిలిచిన ప్రాణాలను ఎవరూ తక్కువ చేయలేరు. నేను చెప్పబోయేది ఒక పక్కసంగతి. మిడ్‌వైఫ్ గర్భిణి ఇంటికి రావడం పోయి, గర్భిణి ఆసుపత్రికి వెళ్ళడం వచ్చింది. దానితో "ఇవి నిజం నొప్పులేనా?" అన్న ప్రశ్న మంచం పక్క నుంచి జారి, ఇంటికీ ఆసుపత్రికీ నడుమ దారిలో పడింది.

ఆ దారిని కలిపినది టెలిఫోను. అదీ అందరికీ లేదు. 1972లో బ్రిటన్‌లో నూటికి 42 ఇళ్ళలోనే ఫోనుండేది. మిగిలినవారు వీధి చివరి ఎర్రడబ్బాలో నాణేలు వేసి మాట్లాడవలసిందే. నొప్పులు పడుతున్న మనిషి వీధి చివరికి నడవడం కష్టం కనుక ఆ పని సాధారణంగా మగవాడి మీద పడేది. అంటే మొదటి రోజుల నుంచీ ఈ సంభాషణలో ఒక చిక్కు ఉంది: నొప్పి ఒకరిది, మాట మరొకరిది. ఈ చిక్కు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇంతలో వైద్యశాస్త్రం ప్రసవానికి కొలబద్దలు తయారు చేసుకుంది. అమెరికాలో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ అనే వైద్యుడు 1954లో 100 మంది, 1955లో 500 మంది తొలిచూలు స్త్రీల ప్రసవగమనాన్ని గీతలుగా గీశాడు. అడ్డంగా గంటలు, నిలువుగా గర్భాశయ ద్వారం తెరుచుకున్న సెంటీమీటర్లు. ఆ గీత మొదట చాలాసేపు నేలబారుగా పోయి, ఒకచోట ఉన్నట్టుండి నిటారుగా లేస్తుంది. నేలబారు భాగానికి గుప్తదశ అనీ, లేచిన భాగానికి చురుకుదశ అనీ మనం పేర్లు పెట్టుకోవచ్చు. తొలికాన్పులో గుప్తదశ 20 గంటల దాకా, తరవాతి కాన్పుల్లో 14 గంటల దాకా సాగినా అసహజం కాదని ఆయన లెక్క తేల్చాడు. ఇరవై గంటలు! మన అమ్మమ్మలు "బోలెడు పొద్దుంది" అన్న మాటకు గణాంకాల రూపం అది.

డబ్లిన్‌లో నేషనల్ మెటర్నిటీ హాస్పిటల్ అధిపతి కీరన్ ఓ డ్రిస్కాల్ 1960ల నుంచి మరో మార్గం తొక్కాడు. కాన్పు గంటల తరబడి సాగకూడదు, సాగనివ్వం అన్నది ఆయన సిద్ధాంతం. అలా మాట ఇవ్వాలంటే గడియారాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో కచ్చితంగా తెలియాలి. అందుకే ప్రసవం మొదలైందా లేదా అన్న నిర్ణయాన్నే ఆయన అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావించాడు. 1972లో ఆనాటి రొడీషియాలో, అనగా నేటి జింబాబ్వేలో, ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు వైద్యులు ఫ్రీడ్‌మన్ గీత మీద హెచ్చరిక గీత ఒకటి, చర్య గీత ఒకటి చేర్చారు. పల్లె ఆసుపత్రిలోని మిడ్‌వైఫ్ తన చేతిలోని కేసును పట్నానికి ఎప్పుడు పంపాలో తేల్చుకోవడానికి పనికివచ్చిన ఉపాయం అది. ప్రపంచమంతటా లేబర్ రూముల్లో వేలాడిన పార్టోగ్రాఫు అలా పుట్టింది.

కొలబద్దలతోపాటు ఒక కొత్త ప్రమాదమూ వచ్చింది. గుప్తదశలోనే ఆసుపత్రిలో చేరిన స్త్రీకి గడియారం ముందుగా మొదలవుతుంది. సహజంగానే నెమ్మదిగా సాగే ఆ గంటలు అక్కడ "ఆలస్యం"గా కనిపిస్తాయి. ఆలస్యమైతే నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ సెలైన్. నొప్పులు పెరిగితే నడుములో మత్తుసూది. అప్పటికీ సాగకపోతే కత్తెర. ముందుగా చేరినవారికి ఇవన్నీ ఎక్కువగా జరుగుతున్నాయని పరిశీలనల్లో పదే పదే తేలింది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ముందు చేరడం వల్ల ఇవి ఎక్కువవుతున్నాయా, లేక ఏదో ఇబ్బంది ఉన్నవారే, నొప్పి ఎక్కువగా ఉన్నవారే ముందు చేరుతున్నారా? దీన్ని తేల్చడానికి 1998లో టొరంటోలో ఒక ప్రయోగం చేశారు. తొలికాన్పు స్త్రీలు 209 మందిని చీటీ పద్ధతిన రెండుగా విడదీసి, ఒక వర్గాన్ని ముందు పరీక్షించి, చురుకుదశ రాకపోతే సలహాలిచ్చి ఇంటికి పంపారు. ఆ వర్గంలో మందులు తక్కువ పడ్డాయి, లేబర్ వార్డులో గడిపిన సమయమూ తగ్గింది. సిజేరియన్లలో తేడా మాత్రం నమ్మదగినంత కనబడలేదు.

ఈ ఆలోచనల పంటగా 2003లో వేల్సు ఒక పని చేసింది. సహజ కాన్పు కోసం దేశమంతటికీ ఒకే "దారి"ని రూపొందించింది. అందులో మూడు అంచెలు. మూడోది చురుకుదశలో రాసుకునే పట్టీ. రెండోది ఆసుపత్రికి వచ్చాక చేసే తొలి పరీక్ష. మొట్టమొదటిది టెలిఫోను. అంతవరకూ ఎవరి తెలివికొద్దీ వారు చెప్పుకొచ్చిన ఫోను సలహా, చికిత్సలో ఒక భాగంగా, రాతపూర్వకంగా గుర్తింపు పొందడం విశేషమే.

ఆ ఫోనులో ఏం మాట్లాడతారు? ఇలాంటి సలహాకేంద్రాలన్నిటిలో ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎన్నో వారం? తొలికాన్పా? నొప్పులు ఎంతసేపటికొకటి, ఒక్కొక్కటి ఎంతసేపు? ఉమ్మనీరు పోయిందా, పోతే ఏ రంగు? రక్తం కనబడిందా? బిడ్డ కదులుతోందా? ఇల్లు ఎంత దూరం? నెత్తురు పోతున్నా, ఉమ్మనీరు పచ్చగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, నెలలు నిండకున్నా వెంటనే రమ్మంటారు. అక్కడ వేచి ఉండమనే ప్రసక్తే లేదు. ఇవేవీ లేకుండా నొప్పులు అడపాదడపా వస్తుంటే గోరువెచ్చని నీళ్ళ స్నానం, తేలికపాటి ఆహారం, పారాసెటమాల్, కాస్త నడక, కాస్త విశ్రాంతి. పది నిమిషాలకు మూడు నొప్పులు పడుతుంటే, లేదా ఏదైనా మార్పు కనిపిస్తే, మళ్ళీ ఫోను చేయమంటారు. కాగితం మీద చూస్తే ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

కాగితం మీద లేనిది గొంతు. జోసెఫీన్ గ్రీన్, హెలెన్ స్పైబీ తదితరులు వేల్సులో ఈ ఫోను అంచె గురించి స్త్రీలను విచారించి 2012లో ప్రచురించిన పరిశోధన నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. రమ్మన్నవారు, లేదా "మీకు రావాలనిపిస్తే రండి" అని నిర్ణయం తమకు వదిలిపెట్టారని భావించినవారు తృప్తిగా ఉన్నారు. భయంగా ఉందని చెప్పినా పట్టించుకోకుండా ఉండిపొమ్మన్నారని భావించినవారు నొచ్చుకున్నారు. మిడ్‌వైఫ్ పలికిన తీరు, ఆమె వింటున్నదన్న నమ్మకం అతి ముఖ్యమయ్యాయి. నొప్పుల వేళ ఒక స్త్రీ ఫోను చేసేది సమాచారం కోసమే కాదు; తాను పడుతున్నది నిజమేనని ఒకరు ఒప్పుకోవడం కోసం కూడా.

మిడ్‌వైఫుల వైపు నుంచి చూస్తే వాళ్ళ ఇరకాటమూ అర్థమవుతుంది. ఒక చేతిలో ఫోను, మరో చేతిలో మరొకరి కాన్పు. వార్డు నిండి ఉంటే "ఇంకాసేపు ఆగండి" అన్న మాట ఆ స్త్రీ మేలు కోరి వచ్చిందో, మంచాలు లేక వచ్చిందో, చెప్పినవారికే తెలియనంతగా రెండూ కలిసిపోతాయి. దారి చూపవలసిన మనిషి ద్వారపాలకురాలు అయిపోతుంది. అందుకేనేమో, ఇంగ్లండు, వేల్సులకు వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2014లో, తొలిదశ ఫోను మదింపును ఆ పనికే ప్రత్యేకించిన మిడ్‌వైఫ్ చేయడం గురించి ఆలోచించమని సూచించింది.

ఇంతకూ ఫోను సలహా వల్ల సిజేరియన్లు తగ్గాయా? వాంకూవర్‌లో 1,459 మంది మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2006లో వచ్చాయి. కొందరికి ఫోను సలహా, కొందరికి నర్సే ఇంటికి వెళ్ళి చూడడం. రెండిటిలోనూ సిజేరియన్లు సమానమే. నర్సు ఇంటికి వెళ్ళినచోట గుప్తదశలోనే ఆసుపత్రిలో చేరడం మాత్రం తగ్గింది. స్కాట్లండులో 14 ఆసుపత్రుల్లో జరిగిన మరో ప్రయోగం 2008లో వెలువడింది. ప్రసవం మొదలైందో లేదో నిర్ణయించడానికి మిడ్‌వైఫులకు ఒక కచ్చితమైన సూత్రపట్టిక ఇచ్చి చూస్తే, మొదటిసారి వచ్చి తిరిగి ఇంటికి వెళ్ళినవారు పెరిగారు గానీ నొప్పులు పెంచే మందు వాడకం తగ్గలేదు. గుమ్మం దగ్గర మరింత గట్టిగా ఆపినంత మాత్రాన లోపల జరిగేది మారలేదన్నమాట.

పైగా గుమ్మం ఎక్కడుందో శాస్త్రమే స్థిరంగా చెప్పలేకపోయింది. చురుకుదశ 4 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని నైస్ 2007లో చెప్పింది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘాలు 2014లో 6 అన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో 5 అంది. ఒక సెంటీమీటరు అటూ ఇటూ జరిగితే, అదే రాత్రి అదే స్త్రీ "ప్రసవంలో ఉన్నది" అవుతుంది, లేదా "ఇంకా కాలేదు" అవుతుంది. ఇంట్లో ఫోను పట్టుకున్న మనిషికి ఈ సెంటీమీటర్లు ఏవీ తెలియవు. తెలిసిందల్లా తన నొప్పి.

ఇక్కడికి వచ్చాక మన తెలుగువాళ్ళ ప్రసక్తి తప్పదు. ఆ దేశాల్లో కాపురముంటున్న మన అమ్మాయిలెందరో ఈ ఫోను చేసినవారే. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. సీమంతం చేసి తీసుకువెళ్ళిన తల్లే, తనకు తెలిసినంతలో, నొప్పుల తీర్పరి కూడా. పరదేశంలో ఆ తల్లి వీసా తెచ్చుకుని విమానమెక్కి వస్తే సరే. రాలేకపోతే రెండు ఫోన్లు: ఆసుపత్రికొకటి, నాలుగైదు గంటలు ముందున్న మన ఊరి అమ్మకొకటి. ఆసుపత్రికి చేసే ఫోను తరచు భర్తే చేస్తాడు. అనుభవమున్న మిడ్‌వైఫులు "ఆమెకివ్వండి, ఆమెతోనే మాట్లాడతాను" అంటారు. ఎందుకంటే వాళ్ళకు జవాబులకన్నా ఊపిరి ముఖ్యం. నొప్పి వచ్చినప్పుడు మాట్లాడగలుగుతోందా, మధ్యలో ఆగిపోతోందా, ఎంతసేపటికి తేరుకుంటోంది అని చెవి పెట్టి వింటారు. మంత్రసాని చేతికి బదులు ఇప్పుడు ఆ చెవి.

మన పెంపకం ఆ చెవిని మోసం చెయ్యగలదు. నొప్పుల్లో గట్టిగా అరవకూడదు, పళ్ళ బిగువున ఓర్చుకోవాలి అని బోధించే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. ఓర్చుకుంటూ మర్యాదగా "యెస్, ఐయామ్ ఓకే" అన్న గొంతు అవతలివారికి గుప్తదశలాగే వినిపిస్తుంది.

భాష చేసే మోసం మరొకటి. "నడుం లాగేస్తోంది" అన్నా, "పొట్ట రాయిలా బిగుసుకుంటోంది" అన్నా, "కింద బరువుగా ఉంది" అన్నా, "ముక్కాలనిపిస్తోంది" అన్నా, కంగారులో ఉన్న భర్త అన్నిటినీ కలిపి ఒకే ఆంగ్లపదంలో "పెయిన్" అని అనువదిస్తాడు. మొదటి మాటకు వేచి ఉండవచ్చునేమో గానీ, చివరి మాటకు వేచి ఉండడానికి వ్యవధి లేదు. ముక్కాలనిపించడమంటే బిడ్డ దాదాపు వచ్చేస్తున్నట్టే; అప్పుడు అవతలివారు చెప్పవలసినది స్నానం సంగతి కాదు, అంబులెన్సు సంగతి. ఒక్క క్రియాపదం అనువాదంలో జారిపోతే కారులోనో, మెట్ల మీదో కాన్పు కావచ్చు. బ్రిటన్ ఆసుపత్రుల్లో దుబాసీని అడిగే వీలుంది. ఆ సంగతి నొప్పులు రాకముందే తెలిసి ఉండాలి, ఏ మాటకు ఏమనాలో ముందే కాగితం మీద రాసుకుని ఉండాలి. 2020లో కోవిడ్ వేళ అక్కడి అనేక ఆసుపత్రులు చురుకుదశ వచ్చేదాకా భర్తను లోపలికి రానివ్వలేదు. అప్పుడు ఆ అమ్మాయికి సొంత నోరు తప్ప మరో తోడు లేదు.

మరి స్వదేశంలో? మన దగ్గర టెలిఫోను మరో పాత్ర ధరించింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108కి ఫోను చేస్తే "ఆగండి" అనరు, బండి పంపుతారు. మన్యంలో డోలీ కట్టి గర్భిణిని కొండ దించవలసిన చోట అది దేవుడిచ్చిన వరమే. అలాంటిచోట ఇంట్లో ఆగమనడం సలహా కాదు, అపచారం. కానీ మైదానానికి వచ్చి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో 60. దీనికి కారణాలు అనేకం, ముహూర్తాల పిచ్చి దగ్గర నుంచి బిల్లుల దాకా. ఒకటి మాత్రం నిజం: ఇన్ని కాన్పులు కత్తెరతో తేలుతున్న చోట నొప్పుల కోసం ఎదురుచూడడమన్నదే తగ్గిపోతోంది. వేల్సులో స్త్రీలు "ఆగమన్నారు" అని బాధపడ్డారు. మన దగ్గర చాలామందికి ఆగే అవకాశమే దొరకడం లేదు. దొంగనొప్పులన్న మాట తెలియకుండానే తల్లులవుతున్న తరం ఒకటి మన కళ్ళెదుట ఉంది.

నాకు ఈ చరిత్రలో కనిపించినది ఇది. "ఇంకా ఆగు" అన్న సలహా కొత్తది కాదు, చాలామట్టుకు తప్పూ కాదు. మంత్రసాని చెప్పినదీ అదే, ఫ్రీడ్‌మన్ గీత చెప్పినదీ అదే. కానీ మంత్రసాని ఆ మాట అన్నాక పక్కనే కూర్చునేది. టెలిఫోను ఆ మాట అని పెట్టేస్తుంది. వాంకూవర్‌లో ఇంటికి వెళ్ళిన నర్సు కొంత మేలు చేయడం, వేల్సు స్త్రీలు గొంతు గురించే ఎక్కువగా చెప్పడం, ఈ రెండూ చూపేది ఆ ఖాళీనే. పూర్వపు మంత్రసానిని మళ్ళీ తెచ్చుకోలేము. ఆమె చేతుల్లో పోయిన ప్రాణాలను మరచి ఆమెను దేవతను చేయనూ కూడదు. అయితే "అరగంటలో మళ్ళీ నేనే ఫోను చేస్తాను, అంతలో భయమేస్తే నువ్వే చెయ్యి" అనడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు.

చివరగా చదువరులకు ఒక మనవి. నొప్పుల తీరును చెప్పే మాటలు మన జిల్లాల్లో ఎన్నెన్నో ఉండి ఉంటాయి. దొంగనొప్పులను మీ వైపు ఏమంటారు? నొప్పి జోరందుకోవడాన్ని, బిడ్డ కిందికి దిగడాన్ని మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఏ మాటల్లో చెప్పేవారు? వాళ్ళుండగానే అడిగి తెలుసుకుని ఇక్కడ రాస్తే, నిఘంటువుకు నాలుగు పదాలు చేరతాయి. ఏ దూరదేశంలోనో అర్ధరాత్రి ఫోను పట్టుకున్న అమ్మాయికి తన బాధను తన మాటల్లో చెప్పుకునే ధైర్యం చేరినా చేరవచ్చు.